ఆ పంటిగాట్లు నావి

చనిపోయిన ఒక మనిషి వాసనని నేను చెరిపేశాను. చెరిపేసి, దాని స్థానంలో నా నోటి వాసన పెట్టాను. ఆయన భార్య ఆరేళ్ళపాటు దాన్నే మొగుడి వాసన అనుకుంది. నేను ఎదురుగా కూర్చుని చూస్తూ ఉన్నాను.

ఈ నాలుగు ముక్కలు రాయడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. అక్షరాలు నాకు నలభై దాటాక వచ్చాయి, కానీ ఆలస్యం అందుకు కాదు. తట్టలు మోసినవాళ్ళకి తెలుస్తుంది, నెత్తి మీద మరీ బరువుగా ఉన్నది ఒంటిగా దించుకోలేం, ఇంకొకరు వచ్చి ఒక చెయ్యి వెయ్యాలి. ఆ చెయ్యి కోసం చూస్తూ ఏళ్ళు గడిపేశాను. మీరు చెయ్యి వెయ్యక్కర్లేదు. కాసేపు ఇక్కడ నిలబడితే చాలు.

పేర్లు రాయను. వాళ్ళవీ రాయను, నాదీ రాయను.

మాది శ్రీకాకుళం వైపు. పెళ్ళయ్యాక మా ఆయనతో జంషెడ్‌పూర్ వచ్చాను. భుయ్యాడీహ్‌లో, ఏటి గట్టుకి దగ్గరగా ఒక గది. ఆయన ఠేకేదారు, అంటే కంట్రాక్టరు, కింద కూలి. డెబ్బైల నడుమ ఒక వానాకాలం జ్వరం తగిలి ఎనిమిది రోజుల్లో పోయాడు. పిల్లలు లేరు. మావాళ్ళ పద్ధతి ప్రకారం పదోనాడు ఆయన చాప, దుప్పటి, రెండు చొక్కాలు, తువ్వాలు అన్నీ మూటకట్టి సువర్ణరేఖ ఏట్లో వదిలేశారు. వద్దనొచ్చని నాకు తెలీదు. తెలిసినా అనేదాన్నా? ఇంటికొచ్చి చూస్తే చొక్కా తగిలించుకునే మేకు ఒక్కటే మిగిలింది. ఒక నెలయ్యేసరికి ఆయన ఎలా వాసన వేసేవాడో కూడా పోయింది. చెమట, ఇనుపరజను, ఇంకేదో. ఆ ఇంకేదో ఏమిటన్నది ఎంత తలుచుకున్నా అందలేదు.

ఆ తరవాత అదే ఊళ్ళో, బిష్టుపూర్‌లో ఒక చిన్న దుకాణంలో తుడవడానికి చేరాను. ఇప్పుడు ఆ దుకాణం లేదు. ఒక బెంగాలీ ముసలాయన నడిపేవాడు, అందరూ బాబూ అని పిలిచేవాళ్ళు. కలాలు, లైటర్లు, పొగతాగే పైపులు బాగుచేసేవాడు, పైపు పొగాకు కూడా అమ్మేవాడు. ఊరు వదిలి వెళ్ళే ఆఫీసర్లు వాడిన పైపులు అమ్మేసి పోయేవాళ్ళు. బాబు వాటిని కొత్తవాటిలా చేసి మళ్ళీ అమ్మేవాడు. ఆయన వేళ్ళు వణుకుతుండేవి. ఒకరోజు దుకాణం వెనక సందులో నేను చుట్ట తాగుతుంటే చూశాడు. మా వైపు ఆడవాళ్ళం నిప్పు ఉన్న కొసని నోట్లో పెట్టుకుని తాగుతాం, అడ్డపొగ అంటాం. ఆయన హడలిపోయి రోడ్డు మీదవాళ్ళని కేకేశాడు.

“అరే బాప్ రే! ఇలా రండ్రా, చూడండి! దీదీ ఆగ్ ఖాతీ హై!”

నిప్పు తింటోందని ఊరంతా చెప్పాడు. మర్నాడు ఒక పైపు నా చేతిలో పెట్టి, “నిప్పు తినేదానివి, మసికి భయపడతావా, కూర్చో” అన్నాడు. అలా నాకు ఆ పని వచ్చింది.

ఆ పని నాకు ఇష్టమైంది. అది కూడా చెప్పాలి. పైపు గిన్నెలో బొగ్గు పేరుకుని పొరకడుతుంది. మొండి కత్తితో దాన్ని గీకాలి. తరవాత గిన్నె నిండా ఉప్పు పోసి, మీద స్పిరిట్ చుక్కలు వేసి, ఒక రోజు వదిలెయ్యాలి. చెక్కలో ఇంకిన పాత పొగ అంతా ఉప్పులోకి వచ్చేస్తుంది. మర్నాడు ఆ ఉప్పు టీపొడిలా ఉంటుంది. నోట్లో పెట్టుకునే నల్ల రబ్బరు మూతి పాతబడితే పసరు రంగుకి తిరుగుతుంది, దాన్ని పళ్ళపొడితో రుద్ది, మైనంతో మెరిపించాలి. మూతి మీద పళ్ళు దిగిన గుంటలుంటే దీపం సెగకి పట్టుకోవాలి. రబ్బరు మెత్తబడి, గుంటలు వాటంతటవే పైకి లేస్తాయి. మొదటిసారి చూసినప్పుడు నేను చప్పట్లు కొట్టాను.

పైపు చూస్తే మనిషి తెలిసిపోయేవాడు. ఎవరు ఎడమవైపు కొరుకుతారు, ఎవరికి కోపం ఎక్కువ, ఎవరు అగ్గిపుల్లలు తెగ వృథా చేస్తారు. నేను మనుషులతో మాట్లాడింది తక్కువ. వాళ్ళ పైపులతోనే నా పరిచయం.

డెబ్బైల చివర ఒక ఉదయం అమ్మగారు వచ్చారు. ఇక నుంచి ఆవిడని అమ్మగారనే రాస్తాను. ఇంజనీరుగారి భార్య. ఆయన పోయి ఎనిమిది నెలలయింది. చేతిరుమాల్లో చుట్టిన పైపు తీశారు. నా ముక్కుకి రెండు వైపులా ఉన్న పుడకలు చూసి తెలుగుదాన్నని పోల్చుకున్నారు.

“అమ్మయ్య, ఈయనకి హిందీలో ఎలా చెప్పాలా అని దారంతా అనుకుంటూ వచ్చాను. ఈ మూతి ఊడి ఊడి వస్తోంది. అదొక్కటీ బిగించు చాలు. లోపల మాత్రం ముట్టుకోకు. ఆ మసి అలాగే ఉండాలి.”

“మసుంటే తాగినప్పుడు సేదుగుంటాది అమ్మగోరూ.”

“తాగడానికి కాదమ్మా” అన్నారు. తరవాత పైపుని ముక్కు దగ్గర పెట్టుకుని, అక్కడే, బాబు ముందే, కళ్ళు మూసుకున్నారు. “ఆయన ఇందులోనే ఉన్నారు.”

ఇంత స్పష్టంగా చెప్పారు. నా భాషలో చెప్పారు. నాకు అర్థం కాలేదని అనడానికి లేదు.

మూతి బిగించడం పావుగంట పని. చెక్కలోకి దిగే వెనక కొనని వెచ్చబెట్టి, సన్నటి మేకు దూర్చి కొంచెం ఉబ్బిస్తే బిగుసుకుంటుంది. అది చేశాను. అక్కడితో ఆపాలి. ఆపలేదు. మూతి ముందు వైపు కూడా సెగకి పట్టాను. ఆయన పంటిగాట్లు రెండు, పైనొకటి కిందొకటి, నా కళ్ళ ముందే లేచి చదునైపోయాయి. తరవాత కత్తి తీసుకుని లోపల గీకాను. ఉప్పు పోశాను. స్పిరిట్ వేశాను. మర్నాడు ఉప్పుని వెనక కాలవలో దులిపి వాసన చూశాను. ఏమీ లేదు. కడిగిన సీసా వాసన.

ఆ రోజు బల్ల మీద ఇంకో అయిదు పైపులున్నాయి. వాటితోపాటు అలవాటున చేసేశాను, మర్చిపోయాను. ఏళ్ళ తరబడి నాకు నేను ఇదే చెప్పుకున్నాను. దీని సంగతి మళ్ళీ చెప్తాను. ఇప్పుడు చెప్పడానికి ధైర్యం చాలడం లేదు.

ముందు భయం పట్టుకుంది. ఆవిడ వారం తరవాత వస్తానన్నారు. బాబు అయిపోయిందా అన్నట్టు “హో గయా?” అని అడిగితే “హో గయా” అన్నాను. ఇంజనీరుగారు తాగే రకం పొగాకు మా దుకాణంలోనే కొనేవారని బాబు చెప్పాడు. అడుగున కొంచెం మిగిలిన డబ్బా ఒకటి అరలో ఉంది. పిడికెడు తీసి కొంగున ముడివేసుకున్నాను. పైపు కూడా ఇంటికి పట్టుకెళ్ళాను.

ఆ వారమంతా పొద్దున్నే గట్టు మీద కూర్చుని ఆ పైపు తాగాను. ఏట్లో బట్టలు ఉతుక్కునే మావాళ్ళు చూసి ఒకటే నవ్వు.

“ఏటే, దొరసానివైపోనావేటి! సుట్ట సాలటంనేదా?”

“వొగ్గేయండే, దాన్ని బంగళా పిలిసినట్టుంది!”

నేను కూడా నవ్వాను. నవ్వుతూనే తాగాను. ఆ పిడికెడు పొగాకు మూడో రోజుకే అయిపోయింది. గిన్నెలో పొర ఇంకా సరిగ్గా కట్టలేదు. ఏం చెయ్యాలి? నా దగ్గర ఉన్నది చుట్టాకు. దాన్నే నలిపి వేశాను. పొర కట్టింది. నల్లగా, చూడ్డానికి ఎన్నో ఏళ్ళదానిలా. అడ్డపొగతో పాతికేళ్ళు కాలిన నోరు నాది. నాకు ఆ తేడా ఎక్కడ తెలుస్తుంది? చుట్ట వాసన నాకు వాసనే కాదు, అది గాలి.

చివరి రోజు నీళ్ళు మరగబెట్టి మూతిని ముంచాను. మెత్తబడ్డాక నోట్లో ఎడమవైపు పెట్టుకుని కొరికాను. పాత గాట్లు చూశాను కాబట్టి ఆయన ఎడమవైపే పట్టేవారని నాకు తెలుసు. తీసి చూస్తే పైనొకటి, కిందొకటి. సరిగ్గా ఉన్నాయి. నిజం చెప్పాలంటే నాకు ఆ క్షణం గర్వంగా అనిపించింది. బాబు కూడా ఇంత బాగా చెయ్యలేడని అనుకున్నాను.

అమ్మగారు వచ్చారు. పైపు తీసుకుని మూతి మీద బొటనవేలు పెట్టారు. గాటు తగిలింది. వేలు అక్కడే ఉంచి వాసన చూశారు. చాలాసేపు చూశారు. నేను బల్ల అంచు గట్టిగా పట్టుకున్నాను. ఆవిడ కళ్ళు తెరిచి నా వైపు చూసి నవ్వేశారు.

“ఎంత దొంగ మనిషో చూడు! చుట్టపొగాకు కలుపుకునేవారు. నాకు తెలియకుండా! ఇన్నాళ్ళూ నా ముక్కుకి పట్టనే లేదు.”

అప్పుడు చెప్పొచ్చు. ఆ నవ్వు ముందు ఏ మనిషైనా చెప్పగలదా అని మిమ్మల్ని అడగాలనిపిస్తోంది. కానీ అడగను. ఇంకొకరైతే చెప్పేదేమో.

ఆ రోజు నుంచి ప్రతి గురువారం మధ్యాహ్నం వాళ్ళింటికి వెళ్ళేదాన్ని. ఆయన పోయాక క్వార్టరు ఖాళీ చేసి రెండు గదుల ఇంట్లో ఉండేవారు. పైపు బయటి చెక్కకి మైనం పట్టించడం నా పని. “నువ్వు తప్ప ఇంకెవరూ ముట్టుకోకూడదు” అనేవారు. ఆ పని అయిదు నిమిషాల్లో అయిపోయేది. మిగతా మధ్యాహ్నమంతా ఆవిడ మాట్లాడేవారు. తరవాత పలక కొని నాకు అక్షరాలు మొదలుపెట్టారు. చెయ్యి పట్టుకుని దిద్దించారు. నేను ‘ఱ’ ఎందుకని అడిగితే, “నాకూ తెలీదు, ఉండనీ పాపం” అన్నారు. రెండేళ్ళకి వారపత్రిక కూడబలుక్కుని చదివేదాన్ని. ఈ రాస్తున్న అక్షరాలు అవే. ఆవిడకి చేసిన ద్రోహం ఆవిడ ఇచ్చిన అక్షరాలతోనే రాస్తున్నాను. వేరేవి నా దగ్గర లేవు.

ఆ మధ్యాహ్నాల్లో ఆవిడ మొగుడు మెల్లగా మారిపోయాడు. మొదట, చుట్టపొగాకు కలుపుకునేవారు, అంతే. కొన్నాళ్ళకి, పనిలో కూలీల పక్కన కూర్చుని వాళ్ళ చుట్ట పంచుకుని ఉంటారు అన్నారు. ఇంకొన్నాళ్ళకి, చుట్ట తాగే వాళ్ళ నాన్న మీద బెంగతో ఆ వాసన దాచుకున్నారు, పైకి చెప్పుకోలేదు, నేనే తెలుసుకోలేకపోయాను అని కళ్ళు తుడుచుకున్నారు. బతికుండగా ఆయన ఎక్కువ మాట్లాడే మనిషి కాడట. పోయాక ఆవిడకి దగ్గరయ్యాడు. ఆ దగ్గరైన మనిషి ఎవరు? నా చుట్టాకులోంచి పుట్టినవాడు. నేను తల వంచుకుని మైనం రుద్దుతూ, ఆవిడ సంతోషంగా ఉన్నారు కదా, మంచే జరిగింది కదా అని వాదించుకునేదాన్ని. ఒక్కోసారి గెలిచేదాన్ని కూడా.

ఇంకో సంగతి కూడా ఉంది. వారంలో నాతో ఎవరైనా మనిషిలా మాట్లాడే రోజు ఆ గురువారం ఒక్కటే. చెప్తే అది పోతుంది.

నాలుగేళ్ళకి వాళ్ళమ్మాయి సెలవు మీద వచ్చింది. ఒక్కతే కూతురు. రాంచీ హాస్టల్లో చదువుకుని, అప్పటికి నాగ్‌పూర్‌లో ఉద్యోగం చేస్తోంది. ఇంతకుముందు వచ్చినప్పుడు వాళ్ళ నాన్న వస్తువులేవీ ముట్టుకోలేదట. నేను వెళ్ళిన గురువారం పైపు ఆ అమ్మాయి చేతిలో ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంది. మొహం అదోలా అయిపోయింది.

“మమ్మీ, యే క్యా హై? ఇది పాపా వాసన కాదు.”

“ఏంటే? సరిగ్గా చూడు.”

“చూశాను. చుట్ట వాసన. పాపాకి చుట్ట అంటే పడేదే కాదు. తాతగారు వెలిగిస్తే లేచి బయటికి పోయేవారు. యాద్ నహీ, గుర్తులేదా?”

“అదంతా పైకి. లోపల ఇష్టమే. నీకేం తెలుసు, హాస్టల్లో పెరిగావు. ఏడాదికి రెండు నెలలు చూశావు మీ నాన్నని.”

“రెండు నెలలే కాబట్టే గుర్తుంది. ఆయన స్వెటర్ ఒకటి హాస్టల్‌కి తీసుకెళ్ళాను. ఉతకకుండా దాచుకున్నాను, ఫ్రెండ్స్ ఛీ ఛీ అనేవాళ్ళు. ఆ వాసన నాకు తెలుసు మమ్మీ.”

“ఆయనతో ఇరవై ఆరేళ్ళు కాపురం చేసింది నేనా, నువ్వా?”

అప్పుడు ఆ అమ్మాయి నా వైపు తిరిగింది.

“మౌసీ, నువ్వు చెప్పు. సచ్ బతానా. దీన్ని లోపల కడిగావా?”

అమ్మగారు కూడా నా వైపే చూస్తున్నారు. ఆవిడ చూపులో అనుమానం లేదు. నా మీద అంత నమ్మకం.

“నేదు పాపగోరూ” అన్నాను. “లోపల నానేటీ ముట్టుకోనేదు. అమ్మగోరు సెప్పినట్టే సేసినాను.”

“విన్నావా?” అన్నారు అమ్మగారు.

ఆ అమ్మాయి పైపు బల్ల మీద పెట్టేసింది. మెల్లగా, “తో ఫిర్ మై హీ భూల్ గయీ” అంది. అయితే నేనే మర్చిపోయానన్నమాట, అని. లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. ఆ తలుపు చప్పుడు కాలేదు. గట్టిగా వేసి ఉంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది.

పైపు కడగడం ఒక తప్పు. పంటిగాట్లు వెయ్యడం ఇంకొకటి. కానీ నన్ను తినేస్తున్నది ఆ మూడు ముక్కల అబద్ధం. తండ్రి గురించి ఆ పిల్ల దగ్గర ఒకే ఒక్క వాసన మిగిలింది. అది నిజమైనది. అది తప్పని తల్లి చేత అనిపించి, చివరికి ఆ పిల్ల చేతే అనిపించాను.

రెండేళ్ళ తరవాత చలికాలంలో అమ్మగారు పోయారు. నిద్రలోనే పోయారట. అన్నీ అయ్యాక ఆ అమ్మాయి ఇల్లు ఖాళీ చేస్తుంటే సాయం వెళ్ళాను. గిన్నెలు, చీరలు వాళ్ళకీ వీళ్ళకీ ఇచ్చేసింది. పైపు మాత్రం చేతిలో పట్టుకుని నిలబడింది.

“మౌసీ, నాకు పాపా సరిగ్గా గుర్తులేరు. మమ్మీయే రైట్. దీన్ని నా దగ్గర పెట్టుకుంటాను. రోజూ వాసన చూస్తే మెల్లగా అలవాటవుతుంది కదా?”

“అవుద్ది పాపగోరూ” అన్నాను. చేతిరుమాల్లో చుట్టి నేనే పెట్టెలో పెట్టాను. ఇద్దరం తప్ప ఇంట్లో ఎవరూ లేరు. అడ్డం వచ్చేవాళ్ళు లేరు. పోయే గురువారాలు కూడా ఇంక లేవు. అయినా చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో నాకు ఇప్పటికీ తెలీదు. పాత అబద్ధాలన్నిటికీ ఏదో ఒక కారణం చెప్పుకున్నాను. దీనికి లేదు.

ఇప్పుడు, ఇందాక దాటేసిన సంగతి.

నేను మర్చిపోలేదు.

అమ్మగారు పైపు ఇచ్చి వెళ్ళాక దాన్ని నా ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఎవరో తెలియని మనిషి వాసన. తియ్యగా, ఎండలో ఆరిన చెక్కలా, ఎనిమిది నెలలైనా పోకుండా ఉంది. నా మొగుడిది నెల్లాళ్ళు కూడా నిలవలేదు. ఆయన చొక్కాలు ఏట్లో కొట్టుకుపోయాయి. ఈవిడకెందుకు ఉండాలి? ఇదే అనుకున్నాను. మాటలతో అనుకున్నానా? మాటలతోనే. ఈవిడకెందుకు ఉండాలి? అనుకుని సెగ దగ్గర పట్టుకున్నాను. అనుకుని ఉప్పు పోశాను. నా చేతికి ప్రతిదీ తెలుసు. ఆ రోజంతా ఆ ఉప్పు వైపు చూస్తూ మిగతా పైపులు తుడిచాను. తీసేయడానికి బోలెడంత సమయం ఉంది. భయం, పశ్చాత్తాపం, పొగాకు దొంగతనం, అన్నీ మర్నాడు వచ్చాయి. ఆ రోజు మాత్రం నాకు చల్లగా ఉంది.

అమ్మగారు ఉండగా దీన్ని నాలో నేనైనా చెప్పుకోలేకపోయాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని అక్షరాలు దిద్దిస్తుంటే, ఈ చెయ్యేనని తెలిసి ఎలా చెప్పుకుంటాను?

ఆ అమ్మాయి నాగ్‌పూర్ చిరునామా నా దగ్గర ఉంది. ఒక కాగితం మీద రాసిచ్చి వెళ్ళింది. కానీ ఆమెకి తెలుగు మాట్లాడ్డమే వచ్చు, చదవడం రాదు. ఆమె చదివేవి హిందీ, ఇంగ్లీషు. నాకు ఆ అక్షరాలు రావు. ఎవరి చేతనైనా రాయించి పంపొచ్చు. పంపితే ఏమవుతుంది? తండ్రి వాసన తిరిగి వస్తుందా? ఈ కొన్నేళ్ళలో నా చుట్ట వాసనకి ఆమె ముక్కు అలవాటుపడిపోయి ఉంటే, అది కూడా పోయి, ఏదీ మిగలదు కదా? ఇలా అనుకోవడం ఆమె మీద జాలా, నా మీద నాకున్న జాలా? తేల్చుకోలేకపోతున్నాను. అందుకే మీకు రాస్తున్నాను. మీరు క్షమించారని నాకు చెప్పకండి. క్షమించాల్సినవాళ్ళు మీరు కాదు.

ఆ గురువారం, ఆ అమ్మాయి నా వైపు తిరిగి నిజం చెప్పమన్నప్పుడు, నేను అనాల్సిన మాట ఎంత పెద్దదో అని ఇన్నేళ్ళు భయపడ్డాను. రాసి చూస్తే ఇంతే ఉంది:

“పాపగోరూ, మీకే సరిగ్గా గుర్తుంది. మీ నాయన సుట్ట తాగనేదు. అది నాను తాగినాను.”